కామారెడ్డిలో పాత రికార్డుల వేట!

తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ అని ఒకటి వుండేది. పాత పుస్తకాలు, పాత రికార్డులు, పాత గడియారాలు... ఓపికుంటే దొరకని వస్తువు లేదని చెప్పుకునేవారు. 1985 మే 30వ తేదీన అది కాస్తా తగలబడిపోయింది. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా దాని గురించి పెద్దవాళ్ళు చెబుతుంటే, సొంత ఇల్లు కాలిపోయినంత బాధ కలిగేది నాకు. పాత వస్తువుల పిచ్చి అలాంటిది మరి!

ఆ పిచ్చి తీర్చుకోవడానికి మాకు హైదరాబాదులో వున్నది జుమ్మేరాత్ బజారు. పేరులోనే వుంది కదా, గురువారం బజారు. ఆదివారం అయితే ఎర్రగడ్డ సంత, అబిడ్స్, కోఠీ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు. ఇలా తిరిగి తిరిగి రెండేళ్ళ కిందట ఒక పెట్టె గ్రామఫోన్ కొన్నాను. నల్లటి సూట్‌కేసులా వుంటుంది. మూత తెరిచి, హ్యాండిల్ తిప్పి కీ ఇస్తే కరెంటు అవసరం లేకుండా పాడుతుంది. అదే, పాడాలి. పాడటానికి రికార్డులేవీ? పెళ్ళికొడుకు సిద్ధంగా వున్నాడు, పెళ్ళికూతురే దొరకలేదు!

ఇక్కడొక మాట. పెద్ద ఇత్తడి పువ్వులాంటి గొట్టంతో, కుక్క బొమ్మ తళతళలాడుతూ కనబడే గ్రామఫోన్లు చూసి మోసపోకండి. వాటిలో చాలా మటుకు ఈమధ్య తయారైనవే. పెట్టె గ్రామఫోన్లోంచి యంత్రం ఊడబెరికి, కొత్త చెక్కపెట్టెలో బిగించి, పైన కొత్త గొట్టం తగిలించి ‘నిజాం కాలంది సాబ్’ అంటారు. చూడటానికి బాగుంటాయి, వినడానికి కాదు. నిజంగా పాడేది కావాలంటే అందం తక్కువున్న నల్లపెట్టే మేలు.

రికార్డుల సంగతికొస్తే, జుమ్మేరాత్ బజారులో ధరలు చుక్కలంటుతున్నాయి. అడిగితే దుకాణదారు నిజమే చెప్పాడు. “ఈ మాల్ మా ఇంట్ల పుడ్తదా సార్? జిల్లాలకెళ్ళి తుక్కు లారీలల్ల వస్తది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మెదక్... అక్కడ కిలో లెక్క, ఇక్కడ పీస్ లెక్క.” అంటే, వాగు మొదట్లోకి పోతే నీళ్ళు చౌక అన్నమాట. మర్నాడే కాచిగూడలో రైలెక్కాను.

కామారెడ్డి హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్లు. సికింద్రాబాదు నుంచి మన్మాడ్ పోయే లైను మీద వుంది. ఒకప్పుడది మీటరు గేజి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. అంతకు ముందు నిజామాబాదు జిల్లాలో ఒక ఊరు. బెల్లం గంజి ఈ ఊరికి పెట్టింది పేరు. చెరుకు తోటలు తగ్గాక ఆ వైభవం తగ్గింది గానీ ‘కామారెడ్డి బెల్లం’ అనే మాట మాత్రం ఇంకా పాతవాళ్ళ నోట వినబడుతూనే వుంటుంది. పక్కనే దోమకొండ కోట. మన రామ్ చరణ్ శ్రీమతి ఉపాసన పూర్వీకులది. ఆ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో వాళ్ళు ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా ఇచ్చారు. కోటలకు అవార్డులొస్తాయి, సంతోషమే. ఇళ్ళల్లో అటకమీది సామాను గతేమిటన్నదే నా బెంగ.

స్టేషను దిగి ఆటో అబ్బాయిని, “ఇక్కడ పాత వస్తువులమ్మే షాపులున్నాయా బాబూ?” అని అడిగాను. “సెకండ్ హ్యాండ్ ఫోన్లా సార్?” అన్నాడు. యాంటిక్ షాపు అన్నది ఈ ఊళ్ళో లేదు. వుండదు కూడా! ఇక్కడ పాత వస్తువు మూడు తలుపులు తడుతుంది: ఇత్తడి సామాన్ల దుకాణం, గిర్వి దుకాణం, తుక్కు దుకాణం. మూడు చోట్లా తూకమే దేవుడు.

ఇత్తడి దుకాణంలో ముందు వైపు కొత్త బిందెలు మెరుస్తూ వుంటాయి. వెనక అరలో నల్లబడిన రాశి. కూతురి పెళ్ళికి కొత్త సామాను కొనేవాళ్ళు అమ్మమ్మ కాలం గంగాళాలు, చెంబులు తెచ్చి తూకం వేసి ఇచ్చి, పై డబ్బులు కట్టి కొత్తవి పట్టుకెళతారు. ఆ రాశి కరిగించడానికి పోతుంది. సేటు గారిని బతిమాలి ఆ రాశి ముందు గంటసేపు గొంతుక్కూర్చున్నాను. చేతులు నల్లబడ్డాయి. చివరికి అడుగున ఒక పాన్‌దాన్ దొరికింది. గుండ్రటి డబ్బా, మూత మీద ఆకుల నగిషీ, లోపల సున్నానికి, కాచుకు, వక్కలకు చిన్న చిన్న గిన్నెలు. ఒక్క గిన్నె తక్కువ.

“ఎంత సేటూ?”

“తూకమెయ్యి.”

“పాతదానికి పాత రేటేగా?”

ఆయన నవ్వాడు. “నేను నీకు అమ్మితే కొత్తదాని రేటే. ఇష్టమైతే తీస్కో. నాకు పాతా కొత్తా తెల్వదు సారూ, కాంటా తెలుసు.”

న్యాయమే! కొత్త ఇత్తడి ధరకే తూచి తీసుకున్నాను. అదే పాన్‌దాన్ హైదరాబాదులో ఎంతకు పోతుందో చెబితే సేటుగారికి ఆ రాత్రి నిద్రపట్టదు. ఏ ఇంట్లో ఏ నానమ్మ ఒళ్ళో వుండేదో ఆ డబ్బా! ఆ ఇంటివాళ్ళకు తుక్కు ధర, నాకు కొత్త ధర, పట్నంలో వాడికి... సరే, ఆ లెక్క తర్వాత చెబుతాను.

గిర్వి దుకాణంలో నేను వెదికింది చార్మినార్ రూపాయి. నిజాం ప్రభుత్వం సొంతంగా ముద్రించుకున్న హాలీ సిక్కా. కంపెనీ రూపాయి వేరు, ఇది వేరు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు. హైదరాబాదు ఇండియాలో కలిశాక కూడా 1959 దాకా చెల్లాయి ఇవి. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. నాణెం మీద చార్మినార్ బొమ్మ మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం వుంటుంది. ‘మీమ్’ వుంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ వుంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. సంవత్సరం హిజ్రీలో వుంటుంది. 1343 అని వుంటే మన లెక్కకు 1924-25 అన్నమాట. బరువు పదకొండు గ్రాముల పైచిలుకు, అందులో వెండి నూటికి 82 పాళ్ళకు కాస్త తక్కువ.

నాకు చూపించినవి నాలుగు. మూడింటికి పైన కొక్కెం అతికించి వుంది. మెడలో దండగా వేసుకున్నవి. సేకరించేవాళ్ళు కొక్కెం వున్నదానికి తక్కువిస్తారు. నాలుగోది శుభ్రంగా వుంది గానీ, మా ముందే ఎవరో చింతపండు పెట్టి బరబరా తోమేశారు! అద్దంలా మెరుస్తోంది, అక్షరం అరిగిపోయింది. పాత నాణెం కనబడితే దయచేసి తోమకండి. మురికే దాని వయసుకు సాక్ష్యం. వెండి ధర ఇప్పుడున్న తీరుకు నాలుగు రూపాయలూ నా తాహతు దాటిపోయాయి. దణ్ణం పెట్టి బయటపడ్డాను.

అన్నట్టు, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అని వేసి, సీతారాములూ హనుమంతుడూ వున్న రాగి బిళ్ళలు ఎవరైనా చూపిస్తే వెంటనే నమస్కారం చేసి వచ్చేయండి. నమస్కారం దేవుడికి, వచ్చేయడం అమ్మేవాడి దగ్గర్నుంచి. కంపెనీ వాళ్ళు అలాంటి నాణేలు ఎన్నడూ వెయ్యలేదు.

రికార్డులు మాత్రం కామారెడ్డిలో దొరకలేదు. సిరిసిల్ల రోడ్డు, స్టేషను రోడ్డు అంతా తిరిగాను. ఒక తుక్కు దుకాణంలో, “రికార్డులా? నల్లటి పెద్ద పళ్ళేలు? అవి ఇనుము గాదు, ప్లాస్టిక్ గాదు, మేం తీసుకోం సార్. పడేస్తం” అన్నాడు. నిజమే. పాత 78 రికార్డు తయారయ్యేది లక్కతో. తుక్కులో దానికి రేటు లేదు. కింద పడితే అప్పడంలా విరుగుతుంది. ఎల్లారెడ్డిలో ఒకప్పుడు టాకీసు సామాను కొన్న తుక్కు దుకాణం వుందని అతనే చెప్పాడు.

రెండో రోజు పొద్దున్నే నిజాంసాగర్ చౌరస్తా దగ్గర బస్సెక్కాను. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. లింగంపేటలో నాగన్న బావి వుంది. మెట్ల బావి. కొన్నేళ్ళ కిందట పూడిక తీసి బాగుచేశారు. బస్సులోంచి చూసేది కాదది. దిగి చూడాల్సింది. నేను తిరుగు ప్రయాణంలో దిగుదామనుకుని దిగలేదు. కారణం చివర్లో మీకే తెలుస్తుంది.

ఎల్లారెడ్డి ఒకప్పటి తాలూకా కేంద్రం. చిన్న ఊరు. బస్టాండు ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ, “ఇక్కడ పాత రాగి, ఇత్తడి సామాను ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగాను. అంతే! హోటలంతా నిశ్శబ్దం. ఇంటర్వెల్ ముందు విలన్ ప్రవేశించినట్టు అందరూ నావంకే చూశారు. పక్క బల్ల మీద పెద్దమనిషి మెల్లగా అన్నాడు: “రైస్ పుల్లింగ్ వాళ్ళా మీరు?”

సంగతి తెలియని వారికి చెబుతాను. పాత రాగి చెంబుకు ఏదో మహత్తు వుందనీ, బియ్యపు గింజల్ని లాక్కుంటుందనీ, దాన్ని విదేశాల్లో కోట్లకు కొంటారనీ చెప్పి జనాన్ని ముంచే ముఠాలు రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నోసార్లు పోలీసులకు పట్టుబడ్డాయి. ఆ మాటలు నమ్మి భూములమ్ముకున్న వాళ్ళున్నారు. ఇక గుప్తనిధుల కోసం పాత గుళ్ళు తవ్వే వాళ్ళ సంగతి సరేసరి. అందుచేత కొత్త మనిషి వచ్చి పాత రాగి అడిగితే ఊరు అనుమానించడంలో తప్పేమీ లేదు. సంచి తీసి నా గ్రామఫోన్ ఫోటో, సూదుల డబ్బా చూపించాను. “పాటల రికార్డులు కావాలి పెద్దాయనా, రాగి ఒద్దు” అన్నాక గానీ రెండో చాయ్ రాలేదు.

బయటికొచ్చాక ఒక కుర్రవాడు వెనకాలే వచ్చి, “సార్, రాతి విగ్రహం వుంది, చూస్తరా?” అని చెవిలో చెప్పాడు. చూడను బాబూ అన్నాను. వందేళ్ళు దాటిన శిల్పం మన చట్టం ప్రకారం పురావస్తువు. 1972లో చేసిన చట్టం, 1976 నుంచి అమల్లో వుంది. విగ్రహాల్లాంటివి రిజిస్టరు చేయించాలి, వ్యాపారం చేయాలంటే లైసెన్సు వుండాలి, దేశం దాటించడం నేరం. అంతకంటే ముందు, ఆ విగ్రహం ఏ గుళ్ళోంచి ఊడొచ్చిందో ఎవరికి తెలుసు? చౌకలో అది అన్నిటికంటే ఖరీదైన చౌక!

తుక్కు దుకాణం దొరికింది. టాకీసు కూలగొట్టి ఫంక్షన్ హాలు కట్టినప్పుడు కొన్న సామానంతా ఎప్పుడో అమ్మేశాడట. ఇనుప కుర్చీలు, ప్రొజెక్టరు, అన్నీ. ఒక మూల చెక్కపెట్టె మాత్రం మిగిలింది. మూత తీస్తే... గాజు స్లయిడ్లు! సినిమా మొదలయ్యే ముందు తెర మీద వేసేవాళ్ళు చూడండి, అవి. ‘పొగ త్రాగరాదు’, ‘ముందు బెంచీలపై కాళ్ళు పెట్టరాదు’, ఒక బట్టల దుకాణం, ఒక బీడీ కంపెనీ, ఎరువుల దుకాణంలో పెద్ద వంకాయ బొమ్మ. అన్నీ చేత్తో రాసినవి, చేత్తో రంగులేసినవి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రంగులు కళ్ళలో పడ్డాయి.

“ఎంతకిస్తవ్ అన్నా?”

“గాజుకు రేటు లేదు సార్. ఊకెనే తీస్కపోండ్రి. ఇంకో పెట్టె వుండె, జాగ సరిపోతలేదని మొన్ననే పారేసినం.”

మొన్ననే! నా గుండె గుభేలుమంది. మన సినిమాకు ఇది కొత్తేమీ కాదు లెండి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. ఈ రోజు దాని ప్రింటు ఒక్కటి కూడా లేదు. పాత నలుపు తెలుపు రీళ్ళను కరిగించి వెండి తీసేవాళ్ళు. వెండితెర మీద ఆడిన బొమ్మ వెండి కోసమే పోయిందన్నమాట. ఎక్కువ బరువున్నదేమో కొలిమికి పోతుంది, బరువు లేనిది చెత్తకుప్పకు పోతుంది. మధ్యలో మనలాంటి పిచ్చివాడు తగిలితే నాలుగు స్లయిడ్లు మిగులుతాయి. పంతొమ్మిది లెక్క తేలాయి. ఊరికే తీసుకోవడం మనసొప్పక దుకాణంలో అందరికీ చాయ్ చెప్పాను.

ఆ చాయ్ పని చేసింది. అక్కడ పనిచేసే కుర్రవాడు, “మా ఊర్ల మైక్ సెట్టు తాత ఇంట్ల వుండొచ్చు సార్. తాత పోయిండు, అవ్వ వున్నది” అన్నాడు. బండి మీద తనే తీసుకెళ్ళాడు.

మైకు సెట్టు అంటే ఈ తరానికి తెలియదేమో. పెళ్ళికి, తొట్టెలకు, బోనాలకు, ఎలక్షన్లకు, చెట్టు కొమ్మకు పెద్ద హారన్ కట్టి, కింద రికార్డు ప్లేయరు పెట్టి పాటలు వేసేవాళ్ళు. తెల్లవారుజామున నాలుగింటికి భక్తి పాటతో మొదలై రాత్రి దాకా మోగేది. క్యాసెట్లొచ్చాక రికార్డులు మూలపడ్డాయి, ఆ తర్వాత క్యాసెట్లూ పడ్డాయి.

అవ్వకు ఎనభై దాటి వుంటాయి. గుమ్మంలో కూర్చుని చింతకాయలు కొడుతోంది. “యాడికెల్లి వచ్చినవ్ బిడ్డా?” అంది. చెప్పాను. లోపలికి పోయి మంచం కిందినుంచి రేకు పెట్టె లాగమంది. మూత తీయగానే లక్క వాసన! గోధుమరంగు కాగితం కవర్లలో, నిలబెట్టి సర్దిన రికార్డులు. ‘పాతాళ భైరవి’, ‘దేవదాసు’, ‘మాయాబజార్’... ఒక్కో దాని మీద రబ్బరు స్టాంపుతో మైకు సెట్టు పేరు, సిరాతో ఒక నెంబరు. కొన్ని పగిలాయి, కొన్నిటికి చెదలు కవర్లు మాత్రం తినేశాయి. వాటిని తినడానికి చెదలక్కూడా ఇష్టం లేకపోయింది. మంచివి ఏరితే పదకొండు.

“ఎంతిస్తవ్ బిడ్డా?” అంది అవ్వ.

ఇక్కడే నా కథలో అసలు చిక్కు. పాన్‌దాన్ దగ్గర వాయిదా వేసిన లెక్క ఇది. యాభై అంటే చాలు, అవ్వ ఒప్పుకుంటుందని తెలుస్తూనే వుంది. జుమ్మేరాత్ బజారులో వీటిలో ఒక్కదానికే ఎన్ని వందలు అడుగుతారో నాకు తెలుసు. అవ్వకు తెలియదు. ఆమెకు తెలియకపోవడమే నా లాభం. సేటుగారి దగ్గర ఈ ఆలోచన రాలేదే, ఇక్కడెందుకొచ్చింది? సేటుకు కాంటా అన్నా వుంది. అవ్వకు అదీ లేదు. అయినా నోటికొచ్చింది యాభయ్యే. అలవాటు!

“మంచిదే” అంది అవ్వ.

ఆ మాట వినగానే నాకే బాగోలేకపోయింది. “అవ్వా, నిజం చెబుతున్నా, పట్నంలో వీటికి ఇంకా ఎక్కువొస్తుంది” అన్నాను.

ఆమె నావంక అమాయకుడివంక చూసినట్టు చూసింది. “పట్నం నువ్వు పోతవా, నేను పోతనా?”

నేనేం చెప్పను! కుర్రవాడు పకపకా నవ్వాడు. చివరికి ఒక్కోదానికి రెండు వందలు లెక్కగట్టి, పదకొండుకు 2,200 ఇచ్చాను. నా జేబులో తిరుగు టిక్కెట్టు పోను మిగిలిందంతా అదే. చౌకగా కొన్నానా? హైదరాబాదు లెక్కలో అవును. న్యాయంగా కొన్నానా? ఆ కాంటా నా దగ్గర లేదు. అవ్వ డబ్బులు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. తర్వాత నా చేతిలోని కట్ట తీసుకుని ఒక్కొక్కటీ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు. మధ్యలోంచి ఒకటి తీసి మంచం కింద పెట్టేసి, ముడి విప్పి రెండు వందలు తిరిగిచ్చింది. “ఇది ఒద్దు” అంది. అంతే.

తిరుగు ప్రయాణమంతా రికార్డులు ఒళ్ళో పెట్టుకుని, నిలబెట్టి పట్టుకుని కూర్చున్నాను. పడుకోబెట్టి పేరిస్తే కింది రికార్డు మీద బరువు పడి పగులుతుంది. లింగంపేటలో బస్సు ఆగింది. పది రికార్డులు, పంతొమ్మిది గాజు స్లయిడ్లు, ఒక పాన్‌దాన్‌తో మెట్ల బావి ఎలా దిగను చెప్పండి!

ఇంటికొచ్చాక సబ్బునీళ్ళతో, మెత్తటి గుడ్డతో, మధ్య కాగితం తడవకుండా శుభ్రం చేశాను. మీరూ అలాగే చేయండి. స్పిరిటు మాత్రం తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది. సూది కూడా ఒక పక్క వాయించగానే మార్చేయాలి. కక్కుర్తి పడి అదే సూదితో వాయిస్తే రికార్డు గాడి చెడుతుంది. ఒక్కో పక్క మూడు నిమిషాల పైచిలుకు పాట. ఊరూరా పెళ్ళి పందిళ్ళలో అరిగిన గీతల చప్పుడు ముందు వినబడుతుంది. ఆ వెనక ఘంటసాల!

అన్నీ వాయించాక సిరా నెంబర్ల వరుసలో సర్దాను. 38, 39, 40, 41, 42... ఆ తర్వాత 44. నలభై మూడు లేదు.

పోయిన వారం కుర్రవాడికి ఫోను చేసి ఆ రికార్డు ఏ సినిమాదో చూసి చెప్పమన్నాను. సాయంత్రం తనే చేశాడు. “అడిగిన సార్. అవ్వ చూపిస్తలేదు.”